మావయ్య కొలనోస్కోపీ, మధ్యలో చోడంబలి

రెండేళ్ల క్రితం నాకు కొలనోస్కోపీ చేశారు. చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని వెనకవైపు నుంచి పంపి, పెద్దపేగు లోపలంతా చూసే పరీక్ష. మత్తిచ్చారు, నిద్రపోయాను, లేచేసరికి అయిపోయింది. జరిగింది ఇంతే. కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర ఇంత చప్పగా చెబితే ఎవరు వింటారు? అందుకని గొట్టాన్ని పోర్టులో ఓడలు కట్టే తాడంత లావు చేశాను. అది పైకి వెళ్లి వెళ్లి, నా దవడపన్ను పుచ్చిందని డాక్టరు కిందనుంచే చెప్పాడన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మా మావయ్య, అంటే మా ఆవిడ నాన్న, నవ్వలేదు. నేను గమనించలేదు.

మొన్న వేసవిలో మావయ్యకు ఆయాసం పట్టుకుంది. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి, డెబ్బై ఆరేళ్లు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. విరేచనంలో రక్తం పడుతోందని అప్పుడు బయటపెట్టారు. మూడు నెలలుగా పడుతోందట. చెబితే గొట్టం వేస్తారని దాచారట.

"ఏటల్లుడూ, ఓడ తాడంత గొట్టం. నువ్వంటే వయసులో ఉన్నావు, తట్టుకున్నావు. నాను తట్టుకోగల్నా?"

టీ గ్లాసు కింద పెట్టేశాను. "అదంతా కోత మావయ్యా! గొట్టం వేలంతే ఉంటాది."

"ఇప్పుడు కోస్తన్నావు కోత."

మా ఆవిడ నా వైపు చూసింది. "మా నాన్నకి ఏటైనా అయిందంటే మీ నోరు కుట్టించేత్తాను."

సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. మావయ్య కూర్చుంటూనే అడిగారు: "ఈ వయసులో నాకిది అవసరమేటమ్మా?"

"ఏ బాధా లేకుండా ఊరికే చూపించుకుందామని వస్తే, ఆలోచిద్దాం అనేదాన్ని. మీకు రక్తం పోతోంది. ఎక్కడినుంచి పోతోందో తెలియాలి కదా."

"ప్రమాదం లేదా?"

"లేదని చెప్పను. ఎప్పుడో ఒకరికి పేగుకు చిల్లు పడొచ్చు, రక్తం కారొచ్చు. పెద్దవాళ్లలో ఆ భయం కొంచెం ఎక్కువే. పేగు కడిగే మందు తాగితే నీరసమొస్తుంది, కళ్లు తిరుగుతాయి. అందుకే ముందు గుండె, కిడ్నీలు చూస్తాం. మీరు వేసుకునే మాత్రల్లో ఏది ఆపాలో నేనే చెబుతాను. మీ అంతట మీరు ఆపకండి."

"గొట్టం ఎంత లావు?"

ఆవిడ తన వేలు చూపించింది. మావయ్య ఆ వేలునీ నన్నూ మార్చి మార్చి చూశారు. "మా అల్లుడు నిజం సెప్పాడమ్మా! జొరం గానీ ఉందేమో సూడండి."

ముందురోజంతా గట్టి తిండి మానేసి, మందు కలిపిన నీళ్లు, కొబ్బరినీళ్లు తాగారు. పరీక్షరోజు ఆసుపత్రిలో నర్సమ్మ అడిగింది: "పొద్దున్న ఏమైనా తిన్నారా తాతగారూ?"

"ఏటీ తిన్లేదమ్మా. రెండు చెంబులు చోడంబలి తాగొచ్చాను."

చోళ్లంటే రాగులు. ఆ పిండి కాచి, పులియబెట్టి చేసే అంబలి మావాళ్లకు తిండి కాదు, దాహం. మావయ్య తెల్లారకముందే లేచి, ఎవరికీ చెప్పకుండా, దాహం తీర్చుకున్నారు. కడుపు నిండి ఉంటే మత్తివ్వకూడదని, పైగా పిండి అడ్డుపడితే పేగులో ఏమీ కనబడదని చెప్పి డాక్టరమ్మ వెనక్కి పంపేసింది. ఆ నీరసపు మనిషి మందంతా మళ్లీ మొదటినుంచి తాగాలి.

రెండోసారి నేను సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాను. పడిపోతారేమోనని, బాత్రూముకు లేచినప్పుడల్లా చెయ్యి పట్టుకున్నాను. ఎన్నోసారో లెక్క తప్పాక, మంచం మీద వాలి, "అల్లుడూ, ఏదైనా కబురు సెప్పు. నిజం కానిది" అన్నారు.

హార్బర్‌లో నేను పట్టిన వంజరం చేప గురించి చెప్పాను. దాని ముళ్లతో సబ్బవరంలో ఒకాయన మూడంతస్తుల మేడకు మెట్లు కట్టించుకున్నాడని.

"ఎన్ని మెట్లు?"

"అరవై."

"తగ్గించు. మరీ ఎక్కువైపోనాది" అని కళ్లు మూసుకున్నారు.

మర్నాడు పరీక్ష సాఫీగా జరిగింది. పేగులో వేరుశనగ గింజంత కండ పెరిగి ఉంది. రక్తం అక్కడినుంచే. అప్పుడే తీసేసి ల్యాబుకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు, మావయ్య తప్ప. క్యాన్సర్ కాదని వచ్చింది. వదిలేస్తే ముందు ముందు అయ్యేదేమో అంది డాక్టరమ్మ. మళ్లీ ఎప్పుడు చేయించాలని నేనడిగితే, "చేయించి తీరాలని లేదు. కొన్నాళ్లు పోయాక, అప్పటి ఆయన ఓపికను బట్టి మాట్లాడుకుందాం" అంది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. మావయ్య రోడ్డు వైపు చూస్తూ అన్నారు: "మూడు నెలలు దాచింది నీ కోతలకి బయపడి కాదులే. రోగం పేరు ఇనాలంటే బయమేసింది, అంతే."

నిజమో, నా ముఖం చూసి జాలిపడి అన్నారో తెలియదు. నేను అడగలేదు.