ఎదురు బస్సుకి ఎత్తే చెయ్యి

కొరియాలోని గున్సాన్‌లో సిటీ బస్సు నడిపేవాళ్లకి ఒక మర్యాద ఉంది. ఎదురుగా తమ కంపెనీ బస్సు వస్తే స్టీరింగు మీంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. వచ్చేది గిట్టనివాడైనా సరే, లేస్తుంది. థాక్ బ్యొంగూకి మాత్రం ఇప్పుడెవరూ ఎత్తడం లేదు.

అతను చేసిన పాపమల్లా నోరు విప్పడం. చివరి స్టాపులో ఒంటేలుకి పోయే వ్యవధైనా ఇవ్వకుండా బస్సుల్ని వెనక్కి తిప్పించేవాడు మేనేజరు బాంగ్. ఆ హడావుడిలో ముసలి డ్రైవరు కూక్ ఒకరోజు సీట్లోనే ప్యాంటు తడుపుకున్నాడు. పెద్దాయన సంచీ అడ్డం పెట్టుకుని బస్సు దిగడం చూశాక బ్యొంగూ ఉండబట్టలేకపోయాడు. నగరపాలక కార్యాలయానికి పోయి సొంత పేరుతోనే ఫిర్యాదు చేసొచ్చాడు.

బాంగ్ కోప్పడలేదు. అలాంటివాళ్లు కోప్పడరు. బ్యొంగూ ఏళ్ల తరబడి తుడుచుకుని నడుపుకున్న బస్సు మర్నాటికల్లా ఇంకొకరిదైంది. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల బస్సు, లేకపోతే షెడ్డులో బెంచీ.

భోజనాల గదిలో బాంగ్ మొలకల చారు జుర్రుకుంటూ, "రోడ్డు మీద చేతులూపుకోవడం ప్రమాదమర్రా. కొందరికి ఊపడమైతే మరీనూ," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నం నుంచే చేతులు లేవడం ఆగిపోయింది.

కూక్ కూడా ఎత్తడం మానేశాడు. ఒకరోజు బ్యొంగూని షెడ్డు వెనక పట్టుకుని గొణిగాడు.

"తప్పుగా అనుకోకు తమ్ముడూ. రిటైర్మెంటు దగ్గరకొచ్చింది."

"మీరు మాత్రం ఏం చేస్తారన్నయ్యా. భోంచేశారా?"

"ఆఁ. నువ్వో?"

"తిన్నాను."

తినలేదు. బల్ల దగ్గర ఒక్కడే కూర్చుంటే ముద్ద దిగడం మానేసి చాలాకాలమైంది.

"ఆ దిక్కుమాలిన ఉద్యోగం మానెయ్యండి. చేపల మార్కెట్లో మా అన్న దగ్గర పనుంది," అనేది భార్య యొన్‌సుక్.

"చూద్దాంలే," అనేవాడు. ఒక్కడు చెయ్యెత్తినా చాలు, ఉండిపోదామని అతని ఆశ. మొదట్లో ప్రతి బస్సుకీ తనే ముందు ఎత్తేవాడు. తర్వాత్తర్వాత వేళ్లు మాత్రం కదిపేవాడు. ఆఖరికి అదీ పోయింది.

చలికాలంలో నగరం నుంచి ఆదేశం వచ్చింది, చివరి స్టాపులో విరామం ఇచ్చి తీరాలని. డ్రైవర్లు తీరిగ్గా వెళ్లొచ్చి కాఫీలు తాగుతున్నారు. అది ఎవడి పుణ్యమో ఒక్కడూ మాటవరసకైనా అనలేదు.

కూక్ తన ఆఖరి రోజున వంతెన మీద ఎదురయ్యాడు. అద్దం ముందు పూలగుత్తి పెట్టుకున్నాడు. ఇక బాంగ్ ఆయన్ని చేయగలిగిందేమీ లేదు. చెయ్యి బారుగా పైకెత్తాడు, పెదాలు కూడా ఏదో అంటున్నాయి.

బ్యొంగూ చూశాడు. కోపం ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. లేదు. సంతోషమూ లేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండిపోయాయి. బస్సు దాటిపోయింది.

ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూ యొన్‌సుక్‌తో, "మీ అన్నని అడుగు," అన్నాడు.