బోర్డు మీద తమ్ముడి పేరు

పెద్దపల్లి రైల్వే స్టేషన్ ఎదుట రాయమల్లు సోడా అంటే ఒకప్పుడు తెలియనివాడు లేడు. ఆ దుకాణానికి పనిగట్టుకుని పేరు పెట్టిందెవరూ లేరు. అమ్మేది రాయమల్లు గనుక అది రాయమల్లు సోడా అయింది, అంతే. ఊరంతా అనే ఆ పేరును నోట అననిది ఒక్క బుచ్చవ్వే. ఎట్లా అంటుంది మరి? రాయమల్లు ఆమె పెనిమిటి. పెనిమిటి పేరు తీస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని ఆ కాలపు ఆడపిల్లలకు పుట్టింట్లోనే నూరిపోసి పంపేవారు.

రాయమల్లు తమ్ముడు కైలాసం. సోడా మర తిప్పేది, సీసాలు కడిగేది, గ్యాస్ పట్టేది అంతా అతనే. చేతులు కాయలు కాచింది తమ్ముడికి, పేరు మాత్రం అన్నకు. పైకి ఏనాడూ కిమ్మనలేదు గానీ, ఆ మంట కడుపులో ఉండనే ఉంది. అన్న చెడ్డవాడా అంటే కాదు. కన్న అవ్వా బాపూ పోయాక తాను పస్తుండి తమ్ముడికి తినిపించిన మనిషి. చెడ్డవాడైనా బాగుండేది, కైలాసానికి ఇంత బాధ తప్పేది.

రజాకార్ల గోల సద్దుమణిగి కొత్త సర్కారు కుదురుకున్నాక, చిన్నా పెద్దా దుకాణాలన్నీ దఫ్తరుకు వచ్చి పేరు రాయించుకోవాలని హుకుం వచ్చింది. రాయించని దుకాణానికి తాళమే. సరిగ్గా అప్పుడే రాయమల్లు విషజ్వరం తగులుకుని మంచానికి అతుక్కుపోయాడు. డాక్టరు పెదవి విరిచాడు. గడువేమో ముంచుకొచ్చింది. దుకాణం మూతపడితే మందుకు కూడా గతిలేదని, పక్కింటి ముసలమ్మను మంచం దగ్గర కూర్చోబెట్టి, బుచ్చవ్వ మరిదిని వెంటబెట్టుకుని కరీంనగర్ పోయింది.

దఫ్తరులో పేర్లు రాసే మున్షీ తల ఎత్తకుండానే అడిగాడు.

"దుకాణం పేరేంది? మాలిక్ ఎవలు?"

బుచ్చవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కుని మరిది వైపు చూసింది. ఆ చూపు ఏమిటో మన దిక్కున ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. ఆయన పేరు నేను తీయకూడదు, నువ్వు చెప్పు అని. ఓట్లు రాసేవాడొచ్చినా, జనాభా లెక్కలవాడొచ్చినా అన్న పేరు మరిదే చెప్పేవాడు.

కైలాసం గొంతు సవరించుకున్నాడు.

"కైలాసం సోడా" అన్నాడు. "మాలిక్ కైలాసం."

మున్షీ రాసుకుని, రాసింది ఒకసారి పైకి చదివాడు. బుచ్చవ్వ దిగ్గున తలెత్తింది. కాదనాలి. కాదంటే, మరెవరని మున్షీ అడుగుతాడు. అడిగితే మొగుడి పేరు చెప్పాలి, ఆ మొగుడు చూస్తే ఇంట్లో చావుబతుకుల మధ్య ఉన్నాడు. ఆమె పెదవులు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి. కైలాసం గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. మున్షీ ఠప్పున ముద్ర కొట్టేశాడు.

తిరుగు బస్సులో బుచ్చవ్వ ముందు సీట్లో కూర్చుంటే, కైలాసం పోయి చిట్టచివరి సీట్లో కూర్చున్నాడు.

ఇంతా చేస్తే రాయమల్లు బతికాడు. లేచి కూర్చుని గంజి తాగుతూ, దఫ్తరులో ఇచ్చిన కాగితం తెప్పించి ఎవరిచేతనో చదివించుకున్నాడు.

"మున్షీ తప్పు రాసినట్టుందన్నా" అన్నాడు కైలాసం నేలచూపులు చూస్తూ. పొయ్యి దగ్గరున్న బుచ్చవ్వ వెనుదిరిగి చూడలేదు.

"రాస్తే రాసిండు తియ్యిరా, నువ్వేమన్న పరాయోనివా? నేను మంచంల వడ్డప్పుడు దుకాణం నిలవెట్టింది నువ్వేనాయె. నీ పేరే ఉండనియ్" అన్నాడు రాయమల్లు.

అనడమే కాదు, పెయింటరును పిలిపించి కైలాసం సోడా అని పెద్దక్షరాలతో బోర్డు రాయించాడు. అన్న రెండు చెంపలూ వాయించి ఉంటే తనకు నిద్ర పట్టేదని కైలాసం అనుకున్నాడు. ఆ తర్వాత అట్లా అనుకోని రోజు లేదు.

వదినతో ఇంకో బాధ. మరిది పేరు పలకడానికి ఆమెకు ఏ అడ్డూ లేదు కదా. స్టేషన్లో రైలుబండి ఆగిందంటే సీసాల బుట్ట చంకన పెట్టుకుని, కిటికీల వెంట "కైలాసం సోడా, కైలాసం సోడా" అని గొంతెత్తి అరిచేది. లోపల మర తిప్పుతున్నవాడికి చెవుల్లో సీసం పోసినట్టుండేది. ఎత్తిపొడుపా అంటే కాదు, ఆమె గొంతులో ఆ ఛాయే లేదు. అదే అతన్ని మరీ కాల్చింది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కైలాసానికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అన్నం ముందు కూర్చుంటే మాత్రం దఫ్తరు గోడ కళ్ళ ముందుకొచ్చేది. ఇక మోయలేక, రాయమల్లు బజారుకు పోయిన ఓ మధ్యాహ్నం వదిన దగ్గరికి పోయాడు. ఆమె సీసాలు కడుగుతోంది.

"వదినె, రేపు కరీంనగర్ పోతున్న. అన్న పేరు ఎక్కిచ్చి వస్త."

"గిన్నేండ్లకు యాదికొచ్చిందా?" ఆమె చేతి పని ఆపలేదు.

"నా మీద కోపం లేదా నీకు?"

"ఉండె. ఇంటికొచ్చి ఆయన తలకాడ కూసున్నంక పోయింది. పేరు పోతే పోయె, మనిషి దక్కిండనుకున్న. రెక్కలు ముక్కలు జేసుకున్నోనివి, జర ఆశపడ్డవు. గంతే గదా."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. అడగకముందే క్షమించేసిన మనిషికి దండం పెట్టి రావలసింది. కానీ అంత మంచితనం ఎదురుగా కనబడేసరికి, కైలాసానికి లోపలున్నదంతా కక్కేయాలనిపించింది. కక్కేశాడు, పిచ్చివాడు.

"ఆశ ఒక్కటే కాదు వదినె. అన్న ఇగ బతుకడనుకున్న. పోయేటోని పేరు ఎందుకు రాయించుడనుకున్న. ఆయన బతకాలని నువ్వు నోరు మూసుకున్నవు. ఆయన పోతడని నేను నోరు తెరిసిన."

బుచ్చవ్వ చేయి ఆగిపోయింది. మరిది ముఖంలోకి చూసి, సీసాను పక్కన పెట్టింది.

"పేరు మార్పియ్యకు" అంది.

"ఎందుకు?"

"ఎందుకు మారుస్తున్నవని ఆయన అడుగుతడు. నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్తవు. తమ్ముడున్నడని గుండె మీద చెయ్యేసుకొని పంటుండు, గా మనిషికి గీ మాట తెల్వొద్దు. నీ పేరే ఉండనియ్. బతికినన్నాళ్ళు నువ్వే మొయ్యి."

సాయంత్రం బండి వచ్చింది. బుచ్చవ్వ బుట్ట తీసుకుని పోయింది. కిటికీల వెంట "సోడా, సోడా" అంటూ నడిచింది, దానికి ముందుండే పేరు లేదు. మర దగ్గర కైలాసం ఎంతసేపు విన్నా ఆ పేరు రాలేదు.

"ఏమైందే నీకు, పేరు మర్సిపోయినవా?" అని దుకాణంలోంచి రాయమల్లు కేకేశాడు. ఆమె తిరిగి చూడలేదు. "దీనికి గొంతు వోయినట్టుంది" అని నవ్వుకుంటూ రాయమల్లు తానే బయటికొచ్చి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, ప్లాట్‌ఫారం దాకా వినబడేటట్టు అరిచాడు.

"కైలాసం సోడా... మా తమ్ముని సోడా..."