ట్రంకాల్ మాట

ఆ సెలూన్లో రెండు కుర్చీలు. తలుపు పక్కది బావది, లోపలిది బామ్మర్దిది. ఒక్క కుర్చీతో నడిచిన రోజుల్లో బావ ఒక మాట విసిరితే చాలు, బెంచీ మీద వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఇప్పుడు నవ్వులన్నీ లోపలి కుర్చీ దగ్గరే. గడ్డం గీయించుకుంటూ ఎవరైనా కునుకు తీస్తే, "ఫ్లైట్ మోడ్‌లోకి పోయాడు" అంటాడు బామ్మర్ది. దానికే విరగబడతారు. బావ కుర్చీ ఖాళీగా ఉన్నా, "పర్లేదన్నా, ఆయన దగ్గరే చేయించుకుంటా" అని బెంచీ మీదే కూర్చుంటారు. బావ తన ఖాళీ కుర్చీని ఊరికే దులుపుతూ ఉంటాడు.

ఆ ఉదయం బెంచీ మీద ఒకాయన ఫోన్లో అరుస్తున్నాడు.

"ఏం సార్, ట్రంకాల్ మాట్లాడుతున్నారా?" అన్నాడు బావ.

ఎవరూ నవ్వలేదు. "ట్రంకాలంటే ఏంటి?" అని అడిగాడు పక్కనున్న కుర్ర స్కూలు టీచరు.

బావ నోరు తెరిచేలోపే బామ్మర్ది అందుకున్నాడు. "అప్పట్లో వేరే ఊరికి ఫోన్ చేయాలంటే పోస్టాఫీసులో గంటలు గంటలు కూర్చోవాలి సార్. తీరా లైను కలిస్తే వినబడి చావదు. మా నాన్న అరుపులకి, నీకు ఫోనెందుకయ్యా, బయట నిలబడి అరిస్తే చాలు, అనేవాళ్ళు."

బెంచీ అంతా గొల్లున నవ్వింది.

ఆ కథ ఒకప్పుడు బావ చెప్పిందే. ఆ అరిచిన నాన్న కూడా బావ నాన్నే.

"ఒరేయ్, ఆయన మీ నాన్న కాదు, మా నాన్న!" అని అరిచాడు బావ. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

బామ్మర్ది కత్తెర ఆపకుండానే అన్నాడు: "మెల్లగా బావా, ట్రంకాల్ మాట్లాడుతున్నావా?"

చాలా ఏళ్ళకు ఆ మాటకు నవ్వు పడింది. ఇందాక అరిచినాయన కూడా ఫోను పక్కన పెట్టి మరీ నవ్వాడు, లోపలి కుర్చీ వైపు చూస్తూ.