ఒడియాలో వచ్చిన తుఫాను హెచ్చరిక

ఈ రోజు మధ్యాహ్నం మా కళింగపట్నం వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. తుఫాను వస్తోందని, సముద్రం వైపు ఇళ్లవాళ్లు సాయంత్రంలోగా షెల్టర్‌కి వెళ్లిపోవాలని తెలుగులో చెప్పారు. నేను బట్టలు సర్దుతున్నాను. అంతలో మైకులో "ఝొడొ ఆసుచి" అని వినిపించింది. తుఫాను వస్తోందన్న అదే మాట, ఒడియాలో.

చేతిలో చీరతోనే వీధిలోకి వచ్చేశాను. నేను పుట్టింది ఒడిశాలోని పర్లాకిమిడిలో. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఒడియా ఫోన్లో అమ్మతో మాత్రమే మాట్లాడేదాన్ని. పోయినేడు అమ్మ పోయింది. మా ఇంట్లో అందరిదీ తెలుగే.

ఆటోలో ఉన్న సచివాలయం ఉద్యోగిని మళ్లీ చెప్పమన్నాను.

"ఏటమ్మా, తెలుగు తెల్దా?"

"తెలుసు బాబూ. ఆ ఒడియా మాటే ఇంకోపాలి సెప్పు."

ఆయన మైకు పక్కన పెట్టి మామూలు గొంతుతో చెప్పారు. నేను ఒడియాలోనే ఆయనది ఏ ఊరని అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వారు.

"నాకా రెండు ముక్కలే వచ్చమ్మా. పడవల మీద పనికొచ్చిన ఒడియావోల్ల కోసం నేర్సుకున్నాను. మీరు బేగి బయల్దేరండి."

ఇప్పుడు షెల్టర్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. గాలి పెరిగింది. మా వీధంతా ఇక్కడే ఉంది, పులిహోర కూడా పెట్టారు. తుఫాను వస్తోందంటే సంతోషపడిన మనిషిని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒడియా వచ్చినవాళ్లు ఎవరైనా చదువుతుంటే కింద ఒడియాలో ఒక మాట రాయండి. ఏం వండుకున్నారో రాసినా చాలు.