నేను నొక్కిన బాణం గుర్తు

పోయిన వేసవిలో పటమటలో మా మనవరాలు స్రవంతి దగ్గరున్నాను. ఉద్యోగాల సైటులో అది ఎవరెవరికో మెసేజీలు రాస్తుంది, పంపదు. అడిగితే, "డ్రాఫ్టులు అమ్మమ్మా, తర్వాత చూస్తాలే" అంటుంది. వండిన కూర వడ్డించకుండా పాడుచేస్తే నేనూరుకుంటానా? ఫోను తెరిచే ఉంచి అది స్నానానికి వెళ్లగానే, బాణం గుర్తు నొక్కి అన్నీ పంపేశాను.

"మా మేనేజరుకి కూడానా! 'మీ అరుపులు భరించలేను, మానేస్తున్నాను' అని కోపంలో రాసుకున్నది అది! నా ఉద్యోగం పోయినట్టే!" అని స్నానం నుంచి వచ్చి ఫోను చూసుకున్న స్రవంతి లబోదిబోమంది.

అంతలో ఆయనే ఫోన్ చేశాడు. దాని చేతిలోంచి ఫోను లాక్కుని, "పంపింది నేనండీ. పిల్ల ఉద్యోగం మానదు. మీరే ఆ అరుపులు మానండి" అన్నాను.

"అలాగేనండీ అమ్మగారూ" అన్నాడు మెల్లగా.

ఉద్యోగం నిలిచింది, ఫోనుకి తాళం పడింది. అయినా, చెప్పాల్సిన మాట దాచుకోవడం పొదుపు కాదండీ.