కృతజ్ఞతల పేజీలో ఒక లైను

అమీర్‌పేటలో మా బైండింగ్ షాపు పక్క మెట్లెక్కితే చలపతిరావు గారి గది. కంప్యూటర్ కాలేజీల పిల్లలు చివరి ఏడాది తాము చేయాల్సిన ప్రాజెక్టులు డబ్బిచ్చి ఆయన చేత చేయించుకునేవారు. ఆయన రిపోర్టు టైపు చేసి పంపితే నేను నల్ల అట్ట వేసి, బంగారు అక్షరాలు అద్దేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు, తప్పనేవాళ్లే లేరు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నేనూ ఆ బాపతే, అబద్ధమెందుకు?

ప్రతి రిపోర్టు మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు, గైడుకు, అమ్మానాన్నలకు దండాలు. అదీ ఆయనే రాసేవారు. ఆరేళ్లలో ఒక్కదాంట్లోనూ ఆయన పేరు లేదు.

"మీ పేరు సుత ఒక్కసారి పెట్టుకోరాదుండ్రి సార్," అని ఏడిపించాను.

"ఎవరైనా వాళ్లంతట వాళ్లు పెడితే బాగుండు మొగిలయ్యా," అన్నారు. నవ్వలేదు. భార్య పోయాక ఆయన్ని పలకరించేది నేనొక్కణ్ణే. పిల్లలకు ఆయన పేరే తెలియదు, 'ప్రాజెక్టు సార్' అంతే.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు యశస్విని అనే పిల్ల వచ్చింది. "నాకు చేసియ్యొద్దు సార్. నేనే చేస్త, తప్పైతే జర చెప్పుండ్రి," అంది. రెండు నెలలు రోజూ సాయంత్రం వచ్చేది. చలపతిరావు గారు రోజూ గడ్డం గీసుకోవడం, రెండు టీలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన కంప్యూటర్‌లోనే ప్రతి లైనూ ఆ పిల్లే రాసుకుంది.

రిపోర్టు బైండింగుకొచ్చినప్పుడు కృతజ్ఞతల పేజీ చూసి, అది పట్టుకుని నేను మెట్లెక్కి పరుగెత్తాను. చివరి లైనులో, తనకు ఓపికగా నేర్పిన అమీర్‌పేట చలపతిరావు గారికి రుణపడి ఉంటానని రాసింది.

ఆయన ఆ లైను మీద వేలు పెట్టి మూడుసార్లు చదివారు. కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ లైను తీసేసి, పేజీ మళ్లీ ప్రింటు తీశారు.

"ఏంది సార్ గిది? నిజమే రాసింది కదా!"

"అమీర్‌పేట అని చూస్తే ఇదీ కొన్నదే అంటారయ్యా. నేను చేసిచ్చిన వాళ్లంతా పాసయ్యారు. సొంతంగా చేసుకున్న పిల్ల నా పేరు వల్ల ఫెయిలవ్వాలా?"

నాకు ఒళ్లు మండింది. అయినా ఆయనిచ్చిన పేజీనే పెట్టి కుట్టాను.

కాలేజీలో వైవా పరీక్ష రోజు ఆయన ఫోను పక్కనే కూర్చున్నారు. సాయంత్రం మోగింది. యశస్విని గొంతు నాకూ వినపడుతోంది.

"పాసైన సార్! బయటి కాలేజీ నుంచి వచ్చినాయన మస్తు మెచ్చుకున్నడు. ఎవరన్న సాయం చేసిన్రా అని అడిగిండు." గొంతు తగ్గించింది. "ఎవ్వరు లేరని చెప్పిన సార్. మీరే పేరు తీసేసిన్రు గదా, గందుకే."

"సరిగ్గా చెప్పావమ్మా," అన్నారాయన.

మర్నాటి నుంచి మళ్లీ ఒక్క టీయే చెప్పారు.