వెంట ఎవరొచ్చిండ్రు?

2023 వానాకాలం. కామారెడ్డి బస్టాండుకు దగ్గర్లో, మందుల షాపు మీది అంతస్తులో మా కోచింగ్ సెంటర్. నేను అక్కడ ఓఈటీ చెబుతాను. విదేశాల్లో పని చేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష అది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. మాట్లాడే భాగంలో రోల్‌ప్లే ఉంటుంది. రోగి ఎవరో, ఇబ్బంది ఏమిటో రాసిన కార్డు ఒకటి ఇస్తారు. ఎదుటి మనిషి రోగిగా నటిస్తారు. అభ్యర్థి నర్సుగా అయిదు నిమిషాలు మాట్లాడాలి.

నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. ఆసుపత్రిలో ఒక్కరోజు కూడా పని చేయలేదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు చాలావరకు నాదే. పాప నిద్రపోయాక కూర్చుని రాస్తుంటే, ఆ తప్పు నాకే ముందు కనిపిస్తోంది.

స్వరూపక్క ఎల్లారెడ్డి నుంచి వచ్చేది. కామారెడ్డిలోని ఒక నర్సింగ్‌హోంలో పద్నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సు. భర్త గల్ఫ్‌లో నడుము దెబ్బతిని తిరిగొచ్చాక ఇల్లు ఆమె ఒక్కదాని మీదే నడుస్తోంది. ఐర్లండ్‌లో ఒక ఆసుపత్రి ఆమెను తీసుకుంటామని చెప్పింది. మూడు భాగాల్లో కావలసిన గ్రేడ్ వచ్చింది కానీ స్పీకింగ్ మాత్రం రెండుసార్లు తప్పింది. డిసెంబరులోగా రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"ఈసారి గూడ పోతే మల్ల రాయ మేడం. నాకు గంత ఓపిక లేదు" అంది మొదటి రోజే.

మొదటి మాక్ టెస్టులో నేను కొత్తగా షుగర్ బయటపడిన అరవై ఏళ్ల మనిషిని. స్వరూపక్క కూర్చుంది, నా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది, ఇంగ్లీషులో అడిగింది: మీ వెంట ఎవరు వచ్చారు? ప్రశ్నలో తప్పు లేదు, టిక్ పెట్టాను. ఎవరూ రాలేదు, మా అబ్బాయి ఇంట్లో ఉన్నాడన్నాను. మీ అబ్బాయి మీకు పొద్దున, రాత్రి మాత్ర వేయాలి, స్వీట్లు తిననివ్వకూడదు అని చెప్పుకుంటూ పోయింది. వాక్యాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అక్కడక్కడా ఆగుతోందని రాసుకుని, రెండు పేజీల నోట్స్ ఇచ్చాను. రోగిని ఓదార్చే మాటలు, మధ్యలో వాడే మాటలు, ముగింపు మాటలు. అన్నీ బట్టీ పట్టమన్నాను.

మూడు వారాలు గడిచినా మార్కులు కదల్లేదు. నోట్స్ సరిగ్గా చదవడం లేదని కాస్త గట్టిగానే అన్నాను.

"సదువుతున్న మేడం, బస్సుల గూడ అదే పని. నిన్న కండక్టర్‌కు 'ఐ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్' అన్న. ఆయన టికెట్ ఇయ్యకుండ నా మొఖమే సూస్తుండు."

ఇద్దరం నవ్వాం. కానీ ఆమె కళ్లు నవ్వలేదు. పరీక్షకు నెలన్నర కూడా లేదు.

అక్టోబరులో మా పాపకు జ్వరం వచ్చింది. ఆద్యకు అప్పుడు మూడున్నరేళ్లు. మూడు రోజులైనా తగ్గలేదు, నీళ్లు తాగినా వాంతి. మా ఆయన డ్యూటీ మీద ఊరికి దూరంగా ఉన్నాడు. పాపను ఎత్తుకుని స్వరూపక్క పని చేసే నర్సింగ్‌హోంకే వెళ్లాను. డాక్టరు చూసి సెలైన్ పెట్టాలన్నారు. "సూది లేదు తల్లీ, ఊరికే చూస్తారంతే" అని పాప చెవిలో చెబుతూనే ఉన్నాను.

పక్క మంచం మీద తాడ్వాయి నుంచి వచ్చిన ముసలావిడ. స్వరూపక్క ఆవిడ కొడుకుతో మాట్లాడుతోంది.

"అవ్వకు బీపీ మస్తు ఉన్నది. ఉప్పు బంద్ జెయ్యుండ్రి. రేపు పొద్దుగాల స్కానింగ్ ఉంటది."

"ఏమంటుందిరా?" అని ముసలావిడ కొడుకు చొక్కా పట్టుకుని అడిగింది.

"ఏం లేదు, నువ్వు పండుకో అవ్వా" అన్నాడతను.

తర్వాత స్వరూపక్క మా మంచం దగ్గరికొచ్చింది. నా వైపు తిరగలేదు. పాప కళ్లకు సమానంగా కిందికి వంగి కూర్చుంది.

"పేరేంది బిడ్డా?"

"ఆద్య."

"ఆద్యా, మీ అమ్మ సూది లేదంటుంది గదా? అమ్మకు తెల్వదు. సూది ఉన్నది. గీడ, చేతికి. పది లెక్కవెట్టే దాక నొప్పి ఉంటది. ఏ చెయ్యి ఇస్తవు?"

పాప కాసేపు ఆలోచించి ఎడమ చెయ్యి చాపింది. "ఏడ్వొచ్చా?"

"గట్టిగ ఏడ్వు, నాకేం కాదు. చెయ్యి మాత్రం కదపకు. ఇంకేమన్న భయం ఉన్నదా?"

"రక్తం వస్తదా?"

"ఒక్క సుక్క వస్తది. సూపిస్త నీకు."

పాప ఏడ్చింది. చెయ్యి కదపలేదు. రక్తపు చుక్క ఏదని ఏడుస్తూనే అడిగి చూసింది. నేను అబద్ధం చెప్పి భయపెట్టిన పిల్లను ఆమె నిజం చెప్పి ఒప్పించింది. మనసు కుదుటపడ్డాకే రెండో సంగతి తట్టింది. పరీక్షలో భాషకు వేరే, రోగితో మెలిగే తీరుకు వేరే మార్కులుంటాయి. రెండోదాన్ని క్లినికల్ కమ్యూనికేషన్ అంటారు. రోగికి ఏం తెలుసో కనుక్కోవడం, భయం అడగడం, సూటిగా చెప్పడం, జవాబు కోసం ఆగడం. అవన్నీ రెండు నిమిషాల్లో నా కళ్లముందే చేసింది. పక్క మంచం దగ్గర వాటిలో ఒక్కటీ చేయలేదు. మా క్లాసులోనూ అదే జరుగుతోంది. నేను రోగినై ఎదురుగా కూర్చుంటే, ఆమె ఇంట్లో ఉన్న నా కొడుకుతో మాట్లాడుతోంది. నేను టిక్కులు పెడుతున్నాను.

పాప కోలుకున్నాక క్లాసులో స్వరూపక్కకు ఈ మాట చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"పెద్దోల్లకు చెప్తే గుండె చెదురుతది మేడం. ఇంటోల్లకే చెప్పాలె. మాకు మా సీనియర్లు గట్లనే నేర్పిండ్రు."

"మా ఇంట్లోనూ అంతే అక్కా. నువ్వు తప్పు చేశావని కాదు. పరీక్ష గదిలో రోగి వెంట ఎవరూ రారు. అక్కడ ఒక్కరే ఉంటారు."

ఆమె చేతిలో కార్డును అటూ ఇటూ తిప్పింది. నేనిచ్చిన నోట్స్ వెనక్కి తీసుకుని నా బ్యాగులో పెట్టేసుకున్నాను. "నన్ను ఆద్య అనుకో" అన్నాను.

"మీరు గంత ధైర్యంగ ఉండరు మేడం" అంది. ఈసారి కళ్లు కూడా నవ్వాయి.

ఆ రోజు కార్డులో నేను ఆపరేషన్‌కు భయపడే మనిషిని. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, డాక్టరు మీకు ఏం చెప్పారు, అన్నిటికన్నా దేనికి భయపడుతున్నారు అని ఇంగ్లీషులో అడిగి ఆగింది. ఆ మౌనంలో కార్డులో లేని జవాబు నా నోట్లోంచి వచ్చింది. నా పాప చిన్నది, నాకేమైనా అయితే ఎలా అని. నేను నేర్పిన ఓదార్పు మాట ఆమె అనలేదు. పాపను ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారని అడిగింది. వ్యాకరణం రెండుచోట్ల తప్పింది. నేను రాసుకోలేదు.

నవంబరులో పరీక్ష రాసింది. ఫలితం వచ్చిన రోజు ఫోన్ చేసి, "వచ్చింది మేడం" అని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని ఇంకో మాట చెప్పింది. ఆ ముందు రోజే బీర్కూర్ పెద్దాయన ఒకరికి ఆయన జబ్బు సంగతి ఆయనకే చెప్పిందట. "పదేండ్ల సంది దవాఖానలు తిరుగుతున్న బిడ్డా, నన్ను కూసోబెట్టి చెప్పినోల్లు లేరు, అన్నడు మేడం. నాకు గ్రేడ్ కంటె అదే ఎక్కువ అనిపించింది."

ఇప్పుడు నా దగ్గరికి కొత్త నర్సు వస్తే మొదటి రోజు నోట్స్ ఇవ్వను. ఇవాళ డ్యూటీలో ఎవరితో ఏం మాట్లాడారో తెలుగులోనే చెప్పమంటాను. స్వరూపక్కకు నేను ఇంగ్లీషు నేర్పానని ఎల్లారెడ్డిలో వాళ్లవాళ్లంతా అంటారు. ఆ మాట వినడానికి బాగుంటుంది కానీ, నేర్చుకున్నది నేనే.

మొన్న మా అమ్మను గుండె డాక్టరుకు చూపించాను. ఆయన రిపోర్టు చూసి, అలవాటుగా నా వైపు తిరిగారు. "అమ్మకే చెప్పండి సార్" అని నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

"మెట్లెక్కొచ్చునా సారు? మనుమరాలిని ఎత్తుకోవచ్చునా? మందు మరిచిపోయిన రోజు ఏం జెయ్యాలె?"

ఆ మూడింటిలో ఒక్క ప్రశ్న కూడా నాకు తట్టేది కాదు.